మేడ మీద పది మంది కూర్చుని ఒక ఉద్యమాన్ని చదవడం ఎలా

బెజవాడ గవర్నరుపేటలో నాకు ఫ్లెక్సీలు, కరపత్రాలు కొట్టే చిన్న షాపు ఉంది. ధర్నా చౌక్‌కి నడిచి వెళ్ళే దూరం. అందుకని టెంటు వెయ్యబోయే ముందు రోజు రాత్రి చాలామంది నా దగ్గరికే వస్తారు, అన్ని రంగుల జెండాల వాళ్ళూ. స్లోగన్ ఏంటనేది తర్వాత, ముందు నేనడిగేది ఒకటే: బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు? సంఘం పేరు మీద రాయమని, నలుగురు జేబులు తడుముకుని పది, ఇరవై, యాభై నోట్లు కౌంటర్ మీద పోగేస్తే అది ఒక రకం ఉద్యమం. "బిల్లెందుకులే బాబాయ్, సార్ ఫోన్‌పే కొడతారు" అంటే అది ఇంకో రకం. రెండోది దొంగ ఉద్యమం అనడం లేదు. ఆ సార్ ఎవరో తెలుసుకోకుండా దాని గురించి వ్యాసాలు రాయొద్దంటాను, అంతే.

మేం కొంతమందిమి రెండేళ్ళ నుంచీ నెలకోసారి అజిత్‌సింగ్‌నగర్‌లో మా తోడల్లుడి ఇంటి మేడ మీద కూర్చుని ఒక్కో ఉద్యమాన్ని విప్పి చూస్తున్నాం. పెట్టుబడిదారీ విధానం పోవాలనే దగ్గర అందరం ఒకటే, ఎలా పోవాలనే దగ్గర ఏ ఇద్దరికీ పడదు. ఆ మధ్య గుంటూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చూసి, "బ్రాడీపేటలో మేం కూడా మొదలుపెడతాం, ఎలా చెయ్యాలో రాసివ్వన్నా" అన్నారు. వాళ్ళ కోసం మొదలుపెట్టి రాసింది ఇది, మిగతావాళ్ళకీ పనికొస్తే సంతోషం.

ముందు మనుషుల్ని చూసుకోండి. పది మంది, మహా అయితే పన్నెండు. అంతకు మించితే అది మీటింగ్ అవుతుంది, మీటింగ్ అయితే ఎవరో ఒకాయన లేచి గొంతు సవరించుకుంటాడు. వచ్చేవాళ్ళలో కనీసం ముగ్గురు ఎప్పుడో ఒకప్పుడు దీక్షా శిబిరంలో పట్టా మీద కూర్చున్నవాళ్ళయి ఉండాలి. మా దగ్గర ఒక అంగన్‌వాడీ అక్క, ఇద్దరు డెలివరీ కుర్రాళ్ళు, ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే ఆయన, ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలు ముగ్గురు, రిటైరైన ఎకనామిక్స్ మాస్టారు ఉన్నారు. మాస్టారు ఒక్కరే ఉండాలి, ఇద్దరైతే మిగతావాళ్ళు టీ తాగడానికే వచ్చినట్టు ఉంటుంది. టైము కూడా ఆలోచించి పెట్టండి. ఆదివారం సాయంత్రం ఏడు అంటే డెలివరీ వాళ్ళు రారు, వాళ్ళకి ఆర్డర్లు పడేది అప్పుడే. మేం ఏడు గంటలకి పెట్టినన్నాళ్ళూ గిగ్ కార్మికుల గురించి వాళ్ళు లేకుండానే బ్రహ్మాండంగా మాట్లాడుకున్నాం. ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర, ఎండాకాలం అయితే మేడ దిగి కింద పార్కింగ్‌లో. హాలు మాత్రం తీసుకోకండి. హాలుకి అద్దె కట్టాలంటే దాత కావాలి, దాత వస్తే ఆయనకి స్టేజీ మీద కుర్చీ కావాలి.

మొదటిసారికి దూరంగా జరిగి, అయిపోయిన ఉద్యమాన్ని తీసుకోండి. మేం అమరావతి రైతుల ఉద్యమంతో మొదలెట్టి చేతులు కాల్చుకున్నాం. 2015 నాటి భూసమీకరణలో ముప్పై వేల ఎకరాలకి పైగా భూమి ఎవరెవరి చేతుల్లోంచి వచ్చింది, పట్టాదారుకి ఏం రాసిచ్చారు, అదే చేను కౌలుకి చేసినవాడికి ఏం మిగిలింది, అందులో కలుపు తీసిన ఆవిడకి ఏం మిగిలింది అని అడగాల్సిన చోట, పావుగంటలో ఎవరిది ఏ కులం, ఎవరిది ఏ పార్టీ దగ్గరికి వెళ్ళిపోయింది, ఒకాయన చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. (మర్నాడు నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను.) అది చదవాల్సిందే, కానీ ఆరో నెలలో. మొదటి నెలకి న్యూయార్క్ మంచిది. మనవాళ్ళు అక్కడ బోలెడుమంది ఉన్నా ఉద్యమం జరిగిన పార్కులో ఎవరికీ ప్లాటు లేదు కాబట్టి గొడవ రాదు.

అంటే ఆక్యుపై వాల్ స్ట్రీట్, షేర్ బజారు ఉండే ఆ వీధిని ఆక్రమిద్దాం అనే ఉద్యమం. కథ చెప్పేవాళ్ళు పావుగంటలో ముగించాలి కాబట్టి ఈ మాత్రం చాలు. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బ్యాంకుల్ని నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్ల పథకానికి చట్టం చేసింది. వాయిదాలు కట్టలేని మామూలు మనుషుల ఇళ్ళు మాత్రం అవే బ్యాంకులు లాక్కుంటూనే ఉన్నాయి. 2011 మొదట్లో ఈజిప్టు రాజధాని కైరోలో తహ్రీర్ స్క్వేర్ నిరసనకారులతో నిండింది, మే 15 నుంచి స్పెయిన్ చౌరస్తాలు నిండాయి. ఆ వేసవిలో ఆడ్‌బస్టర్స్ అనే కెనడా పత్రిక పిలుపిస్తే సెప్టెంబరు 17న జనం వాల్ స్ట్రీట్ పక్కనున్న జుకోటి పార్కులో కూర్చున్నారు. అక్టోబరు 1న బ్రూక్లిన్ వంతెన మీద 700 మందికి పైగా అరెస్టయ్యారు. నవంబరు 15న తెల్లారకముందే పోలీసులు పార్కు ఖాళీ చేయించారు. ఈ రెండు నెలల్లో అక్కడ వంటశాల నడిచింది, వైద్యం టెంటు నడిచింది, 5,000కి పైగా పుస్తకాలతో లైబ్రరీ నడిచింది. ఖాళీ చేయించిన రాత్రి ఆ పుస్తకాలు చెత్త లారీలెక్కాయి. వాళ్ళు ఊరుకోకుండా కోర్టుకెళ్ళి, 2013లో పుస్తకాల కింద నగరం నుంచి 47,000 డాలర్లు రాబట్టారు. "మేం 99 శాతం", అంటే పైనున్న ఒక్క శాతం ధనికులు కాక మిగతా అందరం, అనే మాట ప్రపంచమంతా పాకింది. చివరిదాకా అందరూ ఒప్పుకున్న డిమాండ్ల పత్రం మాత్రం ఒక్కటీ లేదు.

ఒక్క విషయం దగ్గర మాత్రం కథ ఆపి నొక్కి చెప్పండి. ఆ పార్కు సర్కారుది కాదు, ఒక రియల్ ఎస్టేట్ కంపెనీది. 24 గంటలూ జనానికి తెరిచి ఉంచాలనే షరతు మీద నడిచే స్థలం. మున్సిపల్ పార్కయితే రాత్రికి గేటేసి తరిమేసేవాళ్ళు. అంటే ప్రైవేటు ఆస్తిని తిట్టడానికి వచ్చినవాళ్ళు ప్రైవేటు స్థలం కావడం వల్లే అన్నాళ్ళు నిలబడ్డారు. మా దగ్గర దీని మీదే అరగంట గడిచింది, మన ఊళ్ళో రాత్రి పన్నెండు తర్వాత పది మంది కూర్చునే హక్కున్న చోటు ఏదైనా ఉందా అని లెక్కేస్తే రైల్వే స్టేషనూ బస్టాండూ తేలాయి, అదీ చేతిలో టికెట్ ఉంటేనే.

కథ అయిపోగానే చర్చలోకి దూకకండి, మధ్యలో ఒక ఆట ఆడించండి. న్యూయార్క్‌లో ఆరుబయట మైకు పెట్టాలంటే పర్మిషన్ కావాలి. అది లేక పార్కులో మనుషుల మైకు తయారైంది. ఒకరు నాలుగు మాటలంటారు, దగ్గరున్నవాళ్ళంతా కలిసి అవే మాటలు గట్టిగా అంటారు, వెనక వరసకి వినపడుతుంది. మనకీ గుంపుల్ని, ఊరేగింపుల్ని ఆపడానికి పోలీసు 30 యాక్టు ఉంది, 144 సెక్షన్ ఉంది (2024 జులై నుంచి దాని నంబరు 163 అయింది, పని మాత్రం అదే), మైకు సెట్టు ఆటోతో సహా స్టేషన్‌కి వెళ్ళిపోవడం కొత్త కాదు, కాబట్టి పనికొస్తుందేమో చూద్దామని మొదలెట్టాం. డెలివరీ కుర్రాడు లేచి "రేపు పొద్దున్న" అన్నాడు. అందరం "రేపు పొద్దున్న" అన్నాం. "మనమందరం కలిసి." అన్నాం. "కలెక్టరాఫీసు ముందుకి." ఊపొచ్చేసింది, పక్కింటి పిట్టగోడ మీంచి తలలు లేచేంత గట్టిగా అన్నాం. "వెళ్ళాలనే ఆలోచన." అదీ అన్నాం. వాడు ఒక్క క్షణం ఆగి, "మానుకోవాలి" అన్నాడు. మేడంతా నవ్వు.

వాడు కావాలనే చేశాడు గానీ సంగతి నిజమే. తెలుగులో చేసే పని వాక్యం చివర వస్తుంది, జనం చేత ముక్కలు ముక్కలుగా పలికిస్తే సగం ఊరు నడిచాక గానీ వెళ్ళాలో వద్దో తేలదు. మాస్టారు దీనికి మందు చెప్పారు, మన స్లోగన్లు ఎప్పుడో కనిపెట్టిన మందు: పని ముందు. "పెంచాలి పెంచాలి, జీతాలు పెంచాలి." మీరు ఆడేటప్పుడు అలా ఆడండి. ఆట అయ్యాక ఎలా ఉందో అడగండి. మా అంగన్‌వాడీ అక్క, "నాకు నచ్చని మాట కూడా నా నోటితో అనాల్సొచ్చిందిరా, అనాలంటే వినాలి కదా" అంది. లేత్ ఆయన, "ఇందులో స్లోగన్ పోతుంది, లెక్క పోదు. కనీస వేతనం లెక్క నాలుగేసి మాటల్లో చెప్పి చూడండి" అన్నాడు. జుకోటి పార్కు మీద వామపక్షాల వాళ్ళు పన్నెండేళ్ళకి పైగా పడుతున్న తగువులో సగం ఈ రెండు మాటల్లో ఉంది.

ఇక అసలు పని. ఫ్లెక్సీ షాపు వాడి ప్రశ్నలు నాలుగు: డబ్బు ఎవరిది, అన్నం ఎవరు వండారు, మాట ఎవరు తేల్చారు, వీళ్ళు అక్కడ కూర్చుంటే ఎవరి రాబడి ఆగింది. ఆ పార్కుకి చందాలు నెలన్నరలోనే 5 లక్షల డాలర్లు దాటాయి. అదే 2011 ఆగస్టులో ఢిల్లీలో అన్నా హజారే దీక్ష జరుగుతుంటే బెజవాడలో కొవ్వొత్తుల ర్యాలీలకి నేను కొట్టిన ఫ్లెక్సీల్లో కొన్నిటి బిల్లు ఒక బంగారం షాపు కట్టింది. అవినీతి మీద కోపం రావడానికి బంగారం షాపుకి అభ్యంతరం లేదు, కూలి రేటు మీద కోపం వస్తే ఉంటుంది, తేడా అక్కడ పట్టుకోవాలి. వంట సంగతి మీ గుంపులో ఆడవాళ్ళనే అడగండి, వాళ్ళకి తెలుసు. ఒకటి మాత్రం చెప్పండి: పార్కుకి నిజంగానే ఇల్లు లేనివాళ్ళు కూడా వచ్చి చేరారు, వాళ్ళు 99 శాతంలో మనవాళ్ళా, లేక శిబిరానికి తలనొప్పా అని అక్కడే తగువులయ్యాయి.

తేల్చడం సంగతి. రోజూ సాయంత్రం జనరల్ అసెంబ్లీ, మామూలు మెజారిటీ ఓటింగ్ లేదు, ఏకాభిప్రాయం కోసం చూడాలి, ఒప్పుకుంటే చేతులు పైకెత్తి వేళ్ళాడించాలి, అసలు కుదరదంటే చేతులు గుండె మీద అడ్డంగా పెట్టాలి. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నాయకుడు లేడంటే నాయకత్వం లేదని కాదు, కనపడకుండా ఉందని అర్థం, ఈ హెచ్చరిక అమెరికా స్త్రీవాదులు 1970ల్లోనే చేశారు. నా అనుభవం కూడా అదే. "మాలో నాయకులెవరూ లేరండీ" అని వచ్చిన ప్రతి గుంపులోనూ ప్రూఫ్ చూసి ఓకే చెప్పేది ఒక్కడే, వాడి ఫోన్ కలవకపోతే నా మిషన్ ఆగుతుంది.

నాలుగో ప్రశ్న మీద ఎక్కువసేపు ఉండండి. జుకోటి పార్కులో జనం ఉన్నన్నాళ్ళూ పక్క వీధిలో షేర్ల వ్యాపారం రోజూ నడిచింది. ఆ వ్యాపారానికి పార్కుతో పనిలేదు. అదే కాలిఫోర్నియా ఓక్లాండ్‌లో నవంబరు 2న వేలమంది నడిచి వెళ్ళి ఓడరేవు పని ఆపేశారు, డిసెంబరు 12న పడమటి తీరంలో మరికొన్ని రేవుల దగ్గర కూడా ప్రయత్నించారు. ఇక్కడ సరుకు ఆగింది, సరుకు ఆగితే డబ్బు ఆగుతుంది. కానీ డిసెంబరు పిలుపుని రేవు కార్మికుల యూనియన్ నాయకత్వం బలపరచలేదు. మా లేత్ ఆయన వెంటనే, "నా షిఫ్టు ఆపితే పోయేది నా రోజు కూలి, ఆపేముందు నన్నడగక్కర్లేదా?" అన్నాడు. డెలివరీ కుర్రాడు, "మమ్మల్ని అడిగే యూనియనే లేదు కదన్నా, మరి మేమెప్పుడు ఆపాలి?" అన్నాడు. అప్పట్లో అక్కడి రేవు లారీ డ్రైవర్లలో చాలామందిని కూడా కార్మికులు అనేవాళ్ళు కాదు, సొంతంగా కాంట్రాక్టు చేసుకునేవాళ్ళనేవాళ్ళు. ఇక్కడ వీణ్ణి పార్ట్‌నర్ అంటారు. పార్ట్‌నర్‌కి లాభంలో వాటా ఎంత అని వాడు ఓసారి హబ్‌లో అడిగితే మూడు రోజులు ఐడీ బ్లాకయింది, ఏ కంపెనీయో రాయను.

ఇదే ప్రశ్నతో మన వాటి మీదికి రండి. గుంటూరు వాళ్ళకి పెదనందిపాడు ఉంది, 1922 పన్నుల నిరాకరణ. అది భూమి ఉన్న రైతుల ఉద్యమం, ఆ సంగతి దాచక్కర్లేదు, కానీ శిస్తు ఆగింది, గ్రామోద్యోగులు రాజీనామాలు చేస్తే వసూలు చేసే చెయ్యే లేకపోయింది. ఇప్పటిదైతే అంగన్‌వాడీల సమ్మె. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచింది, జనవరి 6న ప్రభుత్వం ఎస్మా పెట్టింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. మా అక్క దీన్ని రెండు ముక్కల్లో చెప్పింది: "జీతం అడిగితే నువ్వు ఉద్యోగివి కాదు, అది గౌరవ వేతనం అన్నారు. పని మానితే నీది అత్యవసర సర్వీసు అన్నారు." వర్కర్‌కి వచ్చేది అప్పుడు నెలకి 11,500. ఈ పథకం 1975లో మొదలైంది, వాళ్ళకి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే అని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. మార్క్సిస్టు స్త్రీవాదులు పునరుత్పత్తి శ్రమ అని పెద్ద మాట అంటారే, అది ఇదే: రేపటి కూలీని ఇవాళ గుడ్డూ పాలూ పెట్టి పెంచే పని, దానికి గౌరవం ఇచ్చి జీతం తగ్గించుకుంటారు. గౌరవ వేతనం, పార్ట్‌నర్, ఈ రెండు మాటలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి మీ గుంపు ముందు పెట్టండి, గంట గడిచిపోతుంది.

వాదనల దగ్గర ఒక చిట్కా. ఎవరి వాదన వాళ్ళని చెప్పనివ్వకండి. చీటీలు రాసి తీయించండి, ఏ చీటీ వస్తే ఆ పక్షాన మాట్లాడాలి. ఒక చీటీలో వర్గం ఉంటుంది: పటమటలో ఆరు పోర్షన్లు అద్దెకిచ్చే ఆయనా, అందులో అద్దెకుండే సెక్యూరిటీ గార్డూ ఇద్దరూ 99 శాతంలోనే ఉన్నారు, అద్దె పెంచిన రోజు ఆ 99 ఏమైంది? ఇంకోదాంట్లో అరాచకవాదం ఉంటుంది, మన భాషలో అరాచకం అంటే రౌడీయిజం అని స్థిరపడిపోయింది కాబట్టి ముందు ఆ అర్థం వదిలించాలి. వాళ్ళ మాటేంటంటే, అడిగితే ఇచ్చేవాడి అధికారాన్ని ఒప్పుకున్నట్టే, అందుకే డిమాండ్లు వద్దు, కావలసిన లోకాన్ని ఇక్కడే వంటశాలతో మొదలెడదాం. మూడోది పార్టీ, కార్యక్రమం, క్రమశిక్షణ. అది మన ఊళ్ళో చెప్పక్కర్లేదు, లెనిన్ సెంటర్లో విగ్రహమే ఉంది. నాలుగోది, అమెరికా మూలవాసులు అడిగింది: ఆక్రమిద్దాం అంటున్నారు, ఈ నేల ఆల్రెడీ ఆక్రమించుకున్నదే కదా? ఓక్లాండ్‌లో పేరే మార్చాలని ప్రతిపాదన వచ్చింది.

అయిదో చీటీ నేను కలిపాను, అక్కడిది కాదు, ఇక్కడిది. తెనాలి పక్కన చుండూరు, 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ రోజు గుర్తున్న మనిషి దగ్గరికెళ్ళి మనందరం 99 శాతం అని చెప్పాలి, ఎలా చెబుతారు? ఈ చీటీ మా మాస్టారికి వచ్చింది. వర్గం గురించి నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "టీ వచ్చిందా" అని అడిగారు. తొందరపెట్టకండి, అలా అయితే అవ్వనివ్వండి.

చిన్న విషయాలు కొన్ని. నోట్సు రాసే పని, గ్లాసులు కడిగే పని వంతులేసుకోండి, లేకపోతే రెండూ ఆ ఇంజనీరింగ్ పిల్లల మీదే పడతాయి, మాకు నాలుగు నెలలు అలాగే పడ్డాయి, ఒకమ్మాయి ముఖం మీదే అడిగితే గానీ తెలియలేదు. ఎవరి ఫోటో గ్రూపులో పెట్టొద్దు, సమ్మె చేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి అది నోటీసై తిరిగొస్తుంది. చివర్లో అర పేజీ కరపత్రం రాయించండి, మీ పక్కింటి ఆవిడకి అర్థమయ్యే తెలుగులో.

శిబిరం లేచిపోయాక ఏమైందనేది కూడా చదవాలి, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. 2012 అక్టోబరులో సాండీ తుపాను వచ్చినప్పుడు ఆ పాత ఆక్యుపై వాళ్ళే ఆక్యుపై సాండీ అని పెట్టి ఇంటింటికీ అన్నం, దుప్పట్లు మోశారు, కావలసిన సామాన్ల జాబితాని ఆన్‌లైన్‌లో పెళ్ళి కానుకల జాబితాలా పెట్టి తెప్పించుకున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా తోడల్లుడి ఇంటి మొదటి అంతస్తు మెట్ల దాకా వచ్చినప్పుడు ఇదే మేడ మీద పదకొండు మందిమి పాల ప్యాకెట్లు లెక్కపెట్టుకుని పంచుకున్నాం, కాబట్టి ఈ ముక్క ఎవరికీ విడమర్చాల్సిన పని పడలేదు. తగువు మాత్రం మిగిలింది: సర్కారు చెయ్యాల్సిన పని మనం మోస్తే వాడి నెత్తిన బరువు దించినట్టా, మనకి మనం నిలబడ్డట్టా?

ఆ తర్వాత అప్పు. 2012 నవంబరులో వాళ్ళలోనే కొందరు రోలింగ్ జూబిలీ అని మొదలుపెట్టారు. వసూలు కాని బాకీల్ని బ్యాంకులు, ఆసుపత్రులు కారు చవగ్గా అమ్ముకునే బజారు ఒకటుంది. అందులో చందా డబ్బుతో బాకీలు కొని, వసూలు చెయ్యకుండా చింపేశారు. సుమారు 7 లక్షల డాలర్లు పెట్టి దాదాపు 3.2 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేశారు, అంటే వంద రూపాయల బాకీ కాగితం రెండు రూపాయల చిల్లరకి. దీన్ని మన లెక్క పక్కన పెట్టండి: 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ (ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చే కంపెనీల) బ్రాంచీలు 50 దాకా మూయించారు, 2010 అక్టోబరులో రాష్ట్రమంతటా వాటిని కట్టడి చేసే ఆర్డినెన్స్ వచ్చి ఆడవాళ్ళు వాయిదాలు కట్టడం మానేశారు, 2015 డిసెంబరులో బెజవాడలో కాల్‌మనీ (అడ్డగోలు వడ్డీ అప్పుల) గొడవ బయటపడింది. అక్కడ కొని చింపారు, ఇక్కడ కట్టడం మానారు. ఏది పెట్టుబడికి ఎక్కువ నొప్పి అని నేనడిగాను. మాస్టారు నోరు తెరిచే లోపే అక్క అందుకుంది.

"ఆగు తమ్ముడూ, ముందిది చెప్పు. నా బాకీ కాగితం ఎవడికో రెండు రూపాయలకి అమ్మేటప్పుడు, అదేదో నాకే అమ్మొచ్చు కదా?"

దానికి మా మేడ మీద ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకలేదు. మాస్టారు చదివొస్తానన్నారు, వచ్చే నెల దాంతోనే మొదలు.